బాబాయి మళ్లీ మండాడు

మా బాబాయి ఏటా డిసెంబరు 31 రాత్రి మారుమనస్సు పొందుతాడు. వాచ్‌నైట్ ఆరాధనలో అందరికంటే ముందు కన్నీళ్లు పెట్టేది ఆయనే. వాగ్దానం కార్డుల పళ్లెం దగ్గరికి రాగానే కళ్లు మూసుకుని ఒకటి తీస్తాడు. ఆశీర్వాదం కనిపిస్తే అది చొక్కా జేబులోకి. శ్రమ, సహనం అని ఉంటే, "ఇది పక్కాయనకి రావాల్సింది" అని గొణిగి, మెల్లిగా పళ్లెంలోకి తోసి ఇంకొకటి తీస్తాడు.

తెల్లారితే ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కాల్సిందే. 1854 జనవరి 1న మిషనరీ జూవెట్ దొర అక్కడ మోకరించాడు గనక మేమూ మంచులో మోకరించాలి. అక్కణ్ణుంచి ప్రసంగం ఇంకో మిషనరీ క్లౌ దొర మీదికీ, 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే బాప్తిస్మం తీసుకున్న 2,222 మంది మీదికీ పోతుంది. వాళ్లలో మా ముత్తాత ఉన్నాడట. ఒంగోలు చుట్టుపక్కల ఎవర్నడిగినా వాళ్ల ముత్తాతా అందులోనే ఉంటాడు. కరువులో కూలి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని దొర నెలల తరబడి బాప్తిస్మాలు ఆపేశాడు. మా బాబాయి ఆ వరసలో నిలబడి ఉంటే రెండో నెలకే ఇంటికొచ్చేసేవాడు.

ఎందుకంటే ఏటా ఒకటో తేదీన మొదలుపెట్టే బైబిలు పఠనంలో జనవరి నెలాఖరుకి లేవీయకాండం తగులుతుంది. రోజుకి మూడేసి అధ్యాయాల లెక్కన ఆదికాండం 50, నిర్గమకాండం 40 సరిగ్గా ముప్పై రోజులకి అయిపోతాయి. ఆపైన దహనబలులు, కుష్ఠు మచ్చలు. ఆయన జిప్పు బైబిలు తెరిచి చూడండి: అక్కడిదాకా ప్రతి పేజీలో ఎర్ర గీతలు, తర్వాత బంగారు అంచు కాగితాలు ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. వచ్చే ఏడు ఉత్సాహం కోసం కొత్త బైబిలు కొంటాడు. ఇప్పటికి బీరువా అర నిండింది.

శ్రమల దినాల్లో మళ్లీ మండుతాడు. నలభై రోజులూ ఉపవాసమే. "ఆదివారాలు లెక్కలోకి రావురా" అని మటన్ తెప్పిస్తాడు. శనివారం సాయంత్రం పొద్దు కుంకగానే, యూదుల లెక్కన ఆదివారం వచ్చేసిందని గిన్నె మూత తీస్తాడు. ఆయన లెక్కలో మేమంతా మటుకు బైబిల్లోని లవొదికయ సంఘం బ్యాచి, చల్లగానూ లేం, వెచ్చగానూ లేం. పిన్ని కాఫీ కాస్త చల్లారితే దానికీ అదే పేరు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మా నాన్నకి ఆపరేషనైంది మే నెలలో, బాబాయి ఉజ్జీవం పూర్తిగా ఆరిపోయి ఉండే కాలం. రాత్రంతా ఆస్పత్రి వరండాలో కూర్చున్నాడు. ప్రసంగం లేదు, వచనం లేదు. "ప్రభువా, మా అన్న" అని ఆగిపోయాడు. అంతకన్నా పెద్ద ప్రార్థన ఆయన నోట నేను వినలేదు.

ఆ మర్నాడు మామూలే. కన్వెన్షన్‌కి కారు నేనే ఇప్పించాలన్నాడు.

టీవీ సంగతీ అంతే. లోకసంబంధమైనదని జనవరిలో దాన్ని మా ఇంటికి పంపేస్తాడు. ఐపీఎల్ మొదలవగానే రోజూ రాత్రి ఏడున్నరకి 'కుటుంబ ప్రార్థన'కని వచ్చి దానికెదురుగా కూర్చుంటాడు. ఫైనల్స్ ముందు ఆటో తెచ్చి తీసుకుపోతాడు. మీ బాబాయిలూ పంపిస్తే పుచ్చుకోండి, గోడకి మాత్రం బిగించకండి.