పనసచెట్టు తగవు: సటీకా తాత్పర్యం

మూలం

"సల్లబడిపోయిన గొడవ నువ్వెల్లి ముదరబెట్టీసినావు బావూ. ఇంక ఒగ్గీ."

అవతారిక

ఈ వాక్యం సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లా ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు ఒక పల్లెలో, మా పిన్ని నోట వెలువడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరం దాటినప్పుడు ఆ చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. పిన్ని పెరట్లోని పనస మాత్రం పడలేదు. కంచె మీదుగా పక్కింటివైపు వాలి, అలాగే బతికేసింది. అటు కాసింది వాళ్లది, ఇటు కాసింది మాది అని రెండిళ్ల ఆడవాళ్లూ ఒక వేసవంతా నిష్ఠూరాలాడుకుని, చివరికి సర్దుకున్నారు. సెలవులకు వెళ్లిన నేను "కాగితం మీద రాసుకుంటే మంచిది కదా" అన్నాను. అని ఊరుకున్నానా, టేపు తెచ్చి కంచె కొలిచాను. కంచె మూరెడు ఇవతలికి ఉన్నట్టు తేలింది. కాయ తగవు కాస్తా నేల తగవైంది.

టీక

సల్లబడిపోయిన = చల్లారిన ("పోయిన" అనుటచేత తనంతట తానే చల్లారినదని సూచితము); గొడవ = పనసకాయల తగవు; నువ్వు = చదువుకున్న నువ్వు అని ధ్వని; ఎల్లి = ఎవరూ పిలవకుండానే పోయి; ముదరబెట్టీసినావు = దీని సంగతి ముందుంది; బావూ = బాబూ (ఇది ఆప్యాయతా, వెటకారమా అన్నచోట వ్యాఖ్యాతలు రెండుగా చీలారు; అనగా నేనూ మా ఆవిడా); ఇంక = ఇకనైనా; ఒగ్గీ = వదిలెయ్యి.

విశేషములు

ముదరన్ + పెట్టు. ద్రుతం మీది పరుషం సరళమై "బెట్టు" అయింది. ఇంతవరకు చిన్నయసూరికి అభ్యంతరం ఉండదు. ఆపైన "వేసినావు" అరిగి "ఈసినావు" కావడానికి బాలవ్యాకరణంలో సూత్రం లేదు, సిక్కోలులో సూత్రంతో పనీ లేదు. "ఒగ్గీ" అన్నచోట "విడువుము" అని దిద్దబోయే పండితుడికొక మనవి: శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి ఈ నేల మనిషే. ఆయన జన్మంతా పోరాడింది ఇలాంటి దిద్దుబాట్లతోనే.

ఎండబెట్టు, ఊరబెట్టు, మాగబెట్టు, ముదరబెట్టు. నాలుగూ ఒకే వంటింటి మాటలు. కాలం చేసే పనిని మనిషి దగ్గరుండి చేయించడమే "బెట్టు". అయితే మొదటి మూడింటికి మెప్పు, నాలుగోదానికి తిట్టు. ఉద్యానం నుంచే పేరొచ్చిందనే ఉద్దానంలో ముదరడం తప్పెలా అయింది? కొబ్బరి ముదిరితేనే పచ్చడికీ నూనెకీ అక్కరకొస్తుంది. పనస లేతగా ఉంటే పొట్టుకూర, ముదిరి పండితే తొనలు. ముదిరితే పనికిరానివి బెండకాయ, రోగం, తగవు.

ఇక పర్యాయపదాలు. ఏ రెండూ ఒకటి కావు. "చెడగొట్టు" ఒక్క దెబ్బలో అయిపోయే పని. పలాస జీడి బట్టీల్లో పిక్క కొట్టేటప్పుడు చెయ్యి తప్పితే గుండు రావలసిన పప్పు బద్ద అవుతుంది, ధర పడిపోతుంది. అది చెడగొట్టడం. ఎంతసేపు కూర్చున్నా బద్దను ముదరబెట్టలేరు. "ఎగదోయు" పొయ్యి దగ్గరి మాట, కట్టెను లోపలికి నెట్టడం. "ఆజ్యం పోయు" యాగశాలది, కాస్త ఖరీదైనది. "కెలుకు"కు దురుద్దేశం అక్కర్లేదు, కుతూహలం చాలు. "జీడిపాకం" సాగదీయడానికే గానీ పాడుచేయడానికి చెల్లదు. ఈ వ్యాఖ్యానానికి చెల్లుతుందేమో.

ఇదే క్రియకు "కొను" చేరిస్తే ఉద్దానంలో ఎవరూ నవ్వరు. "ముదరబెట్టుకున్నాడు" అంటే అక్కడ కిడ్నీ జబ్బే. ఆ ప్రాంతంలో అది అంతగా ఎందుకు వస్తోందో ఇదమిత్థంగా నేటికీ తేలలేదు. తొలిదశలో నొప్పి ఉండదు, ఒళ్లు చెప్పదు. తోటపని చేసిన కీళ్లనొప్పులకు కొట్లో కొని మింగే నొప్పి బిళ్లలు ఆ కిడ్నీలనే మరింత దెబ్బతీస్తాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. ముదరబెట్టుకున్నాడన్న మాటలో తప్పంతా రోగిదే అన్నట్టు వినిపిస్తుంది. ఈ ప్రయోగం మాత్రం నాకు నచ్చదు.

అలంకారం కావ్యలింగమనవచ్చు. కారణం నేనే కనుక దానిమీద ఎక్కువ రాయను.

తాత్పర్యము

చల్లారిన తగవులోకి చదువుకున్నవాడు టేపు పట్టుకుని వెళ్లరాదని పిన్ని అభిప్రాయం. టీకాకారులకూ ఇది వర్తిస్తుంది. చెడ్డ వ్యాఖ్యానాల విషంతో మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును బతికించడానికి అంటూ మల్లినాథసూరి తన టీకకు సంజీవని అని పేరు పెట్టాడు. వ్యాఖ్యాతలు ముదరబెట్టిన రోగానికి మరో వ్యాఖ్యాతే వైద్యుడన్నమాట. ఇంత రాశాక పిన్నికి చదివి వినిపించాను. "నానన్నది రెండు ముక్కలే కదేటి" అంది.

సర్వేయరుకు పక్కింటివాళ్లు పెట్టిన అర్జీ ఇంకా నడుస్తోంది. ఈ వేసవిలో పొట్టుకూరకని రెండిళ్లలో ఎవరూ కాయ కొయ్యలేదు. అన్నీ చెట్టు మీదే ముదిరాయి.