సీమూవ్ సూత్రమునకు జహీరాబాదు టీకా తాత్పర్యము

మూలము: అనూహ్యే షరతి లఘుపక్షద్వయే సీమూవ్, న జంపు.

అవతారిక: కంపైలరులో చేయదలచిన మార్పొకటి పరిశీలనార్థము మా యొద్దకు రాగా, దానిని పంపిన చిరంజీవి పుటెడు వచనములో చెప్పుకొనిన ఉద్దేశమును పాఠకుల సౌకర్యార్థము పై సూత్రముగా బిగించి, ఏ ప్రాచీన వ్యాఖ్యాతయు చేయి పెట్టని ఈ గ్రంథమునకు జహీరాబాదున కూర్చుండి టీక వ్రాయుచున్నాము.

ప్రతిపదార్థము: అనూహ్యే = ముందుగా ఊహింప శక్యము కాని; షరతి = షరతునందు (ఉర్దూ పదమునకు సంస్కృత సప్తమి తగిలించుట దోషమని శంకింపరాదు; తెలుగును, ఉర్దూయును, కన్నడమును ఒకే సంతలో బేరమాడు ఈ యూర నది శిష్టప్రయోగమే); లఘుపక్షద్వయే = అవునన్నచో చేయవలసిన పనియు, కాదన్నచో చేయవలసిన పనియు రెండును స్వల్పవ్యయములైనచో; సీమూవ్ = రెండు విలువలను సిద్ధపరచుకొని షరతును బట్టి ఒకదానిని గ్రహించు ఆదేశము, ప్రయోగింపదగినదని అధ్యాహారము; జంపు = షరతును బట్టి దారి మరలుట; న = కూడదు.

తాత్పర్యము: జంపు ఎదురైనపుడు ప్రాసెసరు షరతు తేలునంతవరకు చేతులు ముడుచుకొని కూర్చుండక, పూర్వానుభవమును బట్టి ఏదో యొక దారి పట్టి ముందునకు సాగును, ఊహ ఫలించినచో అంతయు లాభమే గాని, తప్పినచో అంతవరకు చేసిన పనియెల్ల పారవైచి వెనుకకు రావలసియుండును, దానికి నేటి యంత్రములలో సుమారు 15 నుండి 20 సైకిళ్లు దండుగ. సీమూవ్ ఊహింపదు, ఊహింపదు గనుక తప్పదు. ఈ ఆదేశము 1992 నాటి ఆల్ఫా ప్రాసెసరులోనే యుండగా, ఇంటెల్ వంశమున 1995లో పెంటియం ప్రోతో అవతరించినది.

దృష్టాంతము: జహీరాబాదు చెంతనున్న పస్తాపూరు కేంద్రముగా పనిచేయు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు, వాన ఎట్లు కురియునో యని పందెము కాయక, జొన్న, కంది, కొర్ర, పెసర మొదలగువానిని ఒకే చేనిలో కలిపి విత్తి, కాలము ఏ త్రోవ నడచినను ఏదో యొక గింజ ఇల్లు చేరునట్లు చూచుకొందురు. ఇది సీమూవ్. చెరకో అల్లమో ఒక్కదానినే నమ్మి పెట్టుబడి యంతయు దానిపై కుమ్మరించుట జంపు. అయితే ఈ దృష్టాంతమునకు ఒక వైకల్యము కలదు: చేనిలో మిగిలిన పైరును కూడ కోసికొందురు గాని, సీమూవ్ ఓడిన విలువను నిర్దాక్షిణ్యముగా పారవేయును. అందుచేతనే సూత్రకారుడు 'లఘు' శబ్దమును చొప్పించెను. పారవేయబోవు దానిని ప్రియముగా వండుట ఎవరికిని తగదు.

పూర్వపక్షము: ఊహించుటయందు ఆరితేరిన ఆధునిక ప్రాసెసరులకు సీమూవ్ మేలుకంటె కీడే యెక్కువ చేయునని 2007లోనే లినక్స్ కర్త లినస్ టోర్వాల్డ్స్ వాదించియుండెను, ఎల్ఎల్‌వీఎం కంపైలరు వారు సైతము 2017లో, లోపలి లూపులయందలి సీమూవులను లాభమున్నచో మరల జంపులుగా విప్పు దశనొకదానిని చేర్చుకొనిరి. ఒకరు కట్టుటయు, వేరొకరు విప్పుటయు ఏమి వ్యాపారమని యందురేని, వినుడు. 1000 అంకెలలో గరిష్ఠమును వెదకు లూపును తీసికొందము. అంకెలు ఏ క్రమమును లేక కలిసియున్నచో, గరిష్ఠము మారుట సగటున ఏడెనిమిది సార్లే. తక్కిన తొమ్మిదివందల తొంబది చిల్లర సార్లు 'మారదు' అని కన్నులు మూసికొని చెప్పిన చాలును. అట్టిచోట సీమూవ్ వేసినచో ప్రతి యావృత్తియు వెనుకటి గరిష్ఠము తేలువరకు వేచియుండవలసి వచ్చును, పరుగెత్తవలసిన లూపు వరుసలో నిలుచును. మరి క్విక్‌సార్టులో అంకెలను ఇరుపాలుగా పంచునపుడో, ఎడమయా కుడియా యనుట ఇంచుమించు నాణెము ఎగురవేయుటయే. అచ్చట సూత్రము అక్షరాల చెల్లును. పూర్వపక్షియు సిద్ధాంతియు వేర్వేరు లూపులను చూచి పోట్లాడుచున్నారని మా యభిప్రాయము.

శంక: షరతు ఊహ్యమో అనూహ్యమో కంపైలరునకెట్లు తెలియును? తెలియదు. ప్రోగ్రామును ఒకపరి నడిపి తెచ్చిన ప్రొఫైలు చూపినచో కొంత తెలియును. మా జిల్లాలోనే, హైదరాబాదు పోవు రహదారిపై కంది యొద్దనున్న ఐఐటీ హైదరాబాదు పరిశోధకులు 2020లో ప్రకటించిన ఐఆర్‌టువెక్, ప్రోగ్రాము మధ్యరూపమును సంఖ్యల వరుసగా మార్చి, ఇట్టి నిర్ణయములను యంత్రాభ్యాసమునకు అప్పగించు త్రోవలోనిది. ఈ చిరంజీవి మార్పులో అట్టి ఆధారమేదియు లేదు. ప్రతి షరతును అనూహ్యమనియే యెంచినాడు.

దోషవిచారము: ఇంతకంటె ఘోరమొకటి కలదు. 'పాయింటరు నల్ కానిచో దాని చోటి విలువ, నల్ అయినచో సున్న' అను వాక్యమును సైతము ఈ మార్పు సీమూవుగా కట్టివేయుచున్నది. మెమరీనుండి చదువు సీమూవ్ షరతు అబద్ధమైనను చదివియే తీరును. నల్ చోటును చదివిన ప్రోగ్రాము అచ్చటనే కూలును. పక్షద్వయము లఘువైనంత మాత్రమున చాలదు, నిరపాయమును కావలెను. సూత్రమున 'నిరపాయ' పదము చేర్పవలెను.

నిర్ణయము: నల్ పరీక్షచాటున నున్న చదువులను మినహాయించి, గరిష్ఠపు లూపునకును విభజన లూపునకును వేర్వేరుగా కొలతలు జతపరచువరకు ఈ మార్పును చేర్చుకొనరాదు, అవి వచ్చిన పిదప ఆలస్యము చేయరాదు. మార్పులోని 'టెంప్2' అను చరరాశికి పేరు మార్చుట ఐచ్ఛికము.