నాయకత్వ వాక్యమునకు టీకా తాత్పర్యములు

అవతారిక: పట్టా చేతికి వచ్చినదే తడవుగా తొలి కొలువునకు దరఖాస్తు పెట్టుకొను అభ్యర్థిని, అనుభవమేమియు లేదని యెరిగియు, నాయకత్వమును బాధ్యతను నిరూపింపుమని కంపెనీలవారు కోరుచుందురు. ఆ కోరికకు బదులుగా పుట్టి, ఉస్మానియా ఆవరణము చుట్టుపట్ల బహుళప్రచారము గాంచినదీ వాక్యము. కావ్యవ్యాఖ్యాతలలో అగ్రగణ్యుడైన మల్లినాథసూరి మన మెదకుసీమలోని కొలిచెలమ, అనగా నేటి కొల్చారము, వాస్తవ్యుడు. మూలమున లేనిదేదియు వ్రాయననియు, అక్కరలేనిదేదియు పలుకననియు ఆయన పట్టిన వ్రతమును శిరసావహించి ఈ వ్యాఖ్యకు పూనుకొనుచున్నాము.

మూలము: "కళాశాల వార్షికోత్సవమున నాయకత్వము వహించి, బృందస్ఫూర్తితో బాధ్యతలను సమర్థముగా నిర్వర్తించితిని."

పాఠనిర్ణయము: దీనికి రెండు ప్రతులు కలవు. తార్నాకలోని యొక జిరాక్సు కొట్టు కంప్యూటరునం దున్నది తార్నాక ప్రతి. పైన ఉదాహరించినది అదియే. ఎందరు అభ్యర్థులు వచ్చినను ఇందు అక్షరము మారదు. పేరును, ఫోను నంబరును మాత్రమే మారును. ఒక్కొక్కచో పూర్వాభ్యర్థి తండ్రిపేరు యథాతథముగ నిలిచియుండుట లేఖకప్రమాదము. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల చెంత మేడమీది గదిలో, నోటుపుస్తకపు చివరిపుటపై వ్రాసి, అభ్యర్థియే సిగ్గుపడి కొట్టివేసినది మెట్టుగూడ ప్రతి. ఆ పాఠమిది: "రూములో నలుగురం. కిరాయి, కరెంటు బిల్లు నేనే జమ చేసి ఓనర్‌కు కట్టేటోణ్ణి. ఒకడు రెండు నెలలు ఇయ్యకపోతే, వానితో మాట్లాడి వాయిదాల మీద కట్టించిన."

టీక: కళాశాల వార్షికోత్సవమున = అది జరిగిన సాయంకాలమున; నాయకత్వము వహించి = మైకు మూగవోయినప్పుడు షామియానావానికి ఫోను చేసి; బృందస్ఫూర్తితో = తక్కినవారు వేదికపై ఫొటోలు దిగుచుండగా; బాధ్యతలను = కుర్చీలు లెక్కపెట్టి అప్పగించుటను; సమర్థముగా = రెండు తక్కువైనను; నిర్వర్తించితిని = రాత్రి పదకొండు గంటలకు ముగించితిని.

శంక: కుర్చీలు లెక్కించుట నాయకత్వ మెట్లగును? ఈ ఉస్మానియా విశ్వవిద్యాలయముననే 1938లో వందేమాతరము పాడినందుకు బహిష్కృతులై, నాగపూరు విశ్వవిద్యాలయమునకు తరలిపోయిన విద్యార్థులదిగదా నాయకత్వము!

సమాధానము: సత్యమే. అయితే వారి కథ చెప్పునప్పుడు, ఏమి పాడిరి, ఎచ్చట నుండి వెడలగొట్టబడిరి, ఎచ్చట చదువు సాగించిరి అని చెప్పుదుమేగాని, బృందస్ఫూర్తితో వ్యవహరించిరని ఎవ్వరును చెప్పరు. చేసిన పని గొప్పదైనను కొద్దిదైనను, దానిని పనిగా చెప్పినప్పుడే వినువాడు నమ్మును. కుర్చీలు లెక్కించినవాని దోషము లెక్కించుటలో లేదు; ఆ లెక్కను చెరిపి దానిపై పెద్దమాట కప్పుటలో నున్నది.

శంకాంతరము: 1969లో నెలకొన్న జాతీయ సేవాపథకమునకు "నేను కాదు, మీరు" అనునది ఆదర్శము. రెండేండ్లలో 240 గంటలు సేవచేసి, ఏడుదినముల శిబిరమున పాల్గొన్న వాలంటీరు దరఖాస్తులో "నేను, నేను" అనుట ఆ యాదర్శమునకు విరుద్ధము కాదా?

సమాధానము: కాదు. సేవచేయునపుడు తన్ను మరచుట ధర్మము. సంజాయిషీ చెప్పునపుడు తన పాలు ఎంతయో చెప్పుటయు ధర్మమే. కంపెనీవారు జీతమిచ్చునది బృందమునకు గాదు, ఒక్కనికి. శిబిరమున ఊరి మురుగుకాలువ అందరును త్రవ్విరి. పారలు ఏ యింట ఎరువు తెచ్చి, ఏ పూట తిరిగి యిచ్చితివో అది నీది. ఇతరుల పాలు తనకు కలుపుకొనుట యెంత తప్పో, తన పాలు దాచుకొనుటయు అంత తప్పే.

విశేషము: శాస్త్రారంభమున అనుబంధచతుష్టయము వలె, ఉద్యోగశాస్త్రజ్ఞులును సందర్భము, కర్తవ్యము, చర్య, ఫలితము అను చతుష్టయమును విధించిరి. తార్నాక ప్రతియందు సందర్భపు పేరు తప్ప తక్కిన మూడింటిలో నొక్కటియు కానరాదు. మెట్టుగూడ ప్రతియందో, నలుగురి కాపురము సందర్భము, నెలనెల కిరాయి కర్తవ్యము, బకాయిపడినవానితో మాట చెడకుండ వాయిదాలు కుదుర్చుట చర్య, బకాయి చెల్లుట ఫలితము. అధికారము లేకయే తోటివానిచేత పని చేయించుటకన్న నాయకత్వము వేరొక్కటి లేదు. ఇతరుల సొమ్ము తన చేతి మీదుగా పోవునపుడు పైసతో సహా లెక్క చూపుటకన్న బాధ్యత వేరొక్కటి లేదు. కావున కొట్టివేయబడిన పాఠమే గ్రాహ్యము.

తాత్పర్యము: అనుభవము తక్కువైనవాడు మాటలు పెంచరాదు, వివరము పెంచవలెను.

ఫలశ్రుతి: ఈ వ్యాఖ్య పఠించినవారికి ఉద్యోగము లభించునని చెప్పజాలము. కాని "నాయకత్వము వహించితిరట, ఏమి చేసితిరి?" అని ఇంటర్వ్యూలో నడిగినపుడు తార్నాక ప్రతివారు నీళ్లు నమలుదురు; మెట్టుగూడ ప్రతివాడు, ఆ బకాయి ఎన్ని వాయిదాలలో తీరెనో చెప్పును.