నికెల్ బిళ్ళ చాలు

మా రోజుల్లో గుంటూరులో డిగ్రీ ఫిజిక్సు ల్యాబంటే గోడవారగా రోటరీ పంపు, చెక్కపెట్టెలో ఇండక్షన్ కాయిల్, పాదరసంతో మెక్లియాడ్ గేజి. గొట్టంలోంచి గాలి లాగేకొద్దీ ముందు సన్నటి ఊదా మెరుపులు, తర్వాత గొట్టం నిండా గులాబీ వెలుగు. 1928లో లాంగ్‌మ్యూర్ ప్లాస్మా అని పేరుపెట్టిన పదార్థం అదే.

ఇప్పుడు మా ఊరు కోచింగులకు పేరుమోసింది. డిశ్చార్జి ట్యూబు మీద బిట్లు పిల్లలు టకటకా పెట్టేస్తారు. ఆ వెలుగు కంటితో చూసినవాడు ఒక్కడూ కనపడడు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

చూస్తే సరిపోదు, కొలవాలి కూడా. ఆక్సిజన్ ప్లాస్మాలో అణువులు విడిపోయి ఒంటి పరమాణువులవుతాయి. పత్తి నూలు మీది మైనాన్ని తినేసి, నీళ్ళు పీల్చుకునేట్టు చేయడంలో ముఖ్యమైన పని వాటిదే. అవి ఎంత చిక్కగా ఉన్నాయో తెలియాలంటే లక్షల ఖరీదు యంత్రాలు కావాలంటారు ఇప్పటివాళ్ళు. స్లొవేనియాలోని యోజెఫ్ స్టెఫాన్ సంస్థలో మిరాన్ మొజెటిచ్ బృందం వాడింది చిన్న లోహపు బిళ్ళ, దానికి అంటించిన, వేడి కొలిచే థర్మోకపుల్!

ఆ బిళ్ళ నికెల్‌దనుకోండి. దాని మీద రెండు ఆక్సిజన్ పరమాణువులు జతకూడినప్పుడల్లా 5.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి విడుదలవుతుంది. గాజు మీద ఆ జతకూడడం బహు అరుదు. నికెల్‌కు తగిలినవాటిలో సుమారు నాలుగోవంతు జతకడతాయి. బిళ్ళ వేడెక్కి ఒకచోట నిలబడుతుంది, అంటే వచ్చే వేడి, పోయే వేడి సమానమన్నమాట. అప్పుడు ప్లాస్మా ఆపేసి, మొదటి క్షణంలో అది ఎంత వేగంగా చల్లారుతుందో చూడాలి. దానికి పై రెండు అంకెలు, బిళ్ళ బరువు, వైశాల్యం, విశిష్టోష్ణం, పరమాణువుల సగటు వేగం కలిపితే సాంద్రత వచ్చేస్తుంది. ఎంత అందమైన లెక్క! బిళ్ళ మురికిపడితే మాత్రం తప్పుతుంది. మిర్చి యార్డులో కాయ నలిపి తేమ చెప్పే మనిషికి చెయ్యి పొడిగా ఉండాలి కదా, ఇదీ అంతే.

ఎండుమిర్చి బూజు మీద కూడా ప్లాస్మా ప్రయోగాలు జరుగుతున్నాయి. బూజు వదిలే విషం అఫ్లటాక్సిన్ ఉందని విదేశాలు సరుకు తిప్పికొడితే నష్టమెవరిదో ఈ నల్లరేగడి మనిషికి చెప్పనక్కర్లేదు. ఆ విద్య మన పిల్లలకు రావద్దూ?

చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా ఫిజిక్సు చెప్పే అయ్యలారా, అమ్మలారా, మూలపడ్డ పంపులు బయటికి తీయండి. మామూలు పంపు నూనెతో శుద్ధ ఆక్సిజన్ ప్రమాదం, దాని జోలికి పోవద్దు. మామూలు గాలితోనే మొదలుపెట్టండి. బిళ్ళ వేడెక్కడం పిల్లల కళ్ళెదుట చూపించండి.