పన్నెండు పైసల వెన్నెల

చంద్రుడి మీద రూపాయి ఎండ పడితే, ఆయన తిరిగి విదిల్చేది పన్నెండు పైసలు. మిగిలిన ఎనభై ఎనిమిది పైసలూ ఆయనే మింగేస్తాడు. ప్రభుత్వం ఖర్చుపెట్టే రూపాయిలో పదిహేను పైసలే పేదవాడికి చేరుతున్నాయని 1985లో రాజీవ్ గాంధీ అంటే దేశమంతా ముక్కున వేలేసుకుంది. అంతకంటే మూడు పైసలు తక్కువిచ్చే చంద్రుణ్ణి మాత్రం మనం ఏమంటున్నాం? సుధాకరుడంటున్నాం, అమృతకిరణుడంటున్నాం. పైగా పిల్లలకు మేనమామ వరస కలిపి, గోరుముద్దలు తినిపించే పూచీ కూడా అప్పగించాం.

నేను ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఒకరి సొమ్ము ఇంకొకరి చేతిలో మెరుస్తుంటే చూసి ఊరుకోవడం మా శాఖలో నేర్పలేదు. రిటైరయ్యాక ఇంటి పచారీ చీటీ మీద చెయ్యి వేయబోతే, మా ఆవిడ చీటీతో పాటు ఎర్రసిరా పెన్ను కూడా లాక్కుంది. చూడ్డానికి ఇంకెవరి లెక్కలూ లేక డాబా ఎక్కాను. నెత్తి మీదే కనిపించింది, సుమారు 450 కోట్ల ఏళ్లుగా ఒక్కసారి కూడా ఆడిట్ జరగని ఖాతా.

మొదటి అభ్యంతరం రంగు గురించి. చంద్రుడు తెల్లనివాడన్నది లోకంలో పాతుకుపోయిన అపోహ. ఆయన నేల అరిగిపోయిన తారురోడ్డు రంగు. 1969 నుంచి 1972 దాకా అపోలో యాత్రికులు ఆరు విడతల్లో 382 కిలోల రాళ్లూ మట్టీ మోసుకొచ్చారు. వాటిలో చాలామటుకు బూడిద రంగే. 2015 జులై 16న డిస్కవర్ ఉపగ్రహం సుమారు 16 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి తీసిన ఫొటోల్లో చంద్రుడు భూమికి అడ్డంగా వెళుతూ కనిపిస్తాడు. వెనక నీలంగా, తెల్లగా ధగధగలాడే భూమి. ముందు మసిబారిన మొహంతో ఈయన. ఆ ఫొటో పంపిస్తే ఏ సంబంధమూ కుదరదు.

మా వీధిలో ఒకాయన కొత్త కోడల్ని “చందమామే అనుకోండి” అంటూ పరిచయం చేశాడు. ఆ పిల్ల మీద జాలితో అసలు సంగతి చెప్పబోతే మా ఆవిడ మోచేత్తో పొడిచింది. ఆడిట్‌కు ఆటంకాలు ఎప్పుడూ ఇంట్లోంచే మొదలవుతాయి.

మరి అంత నల్లనివాడు అంత తెల్లగా ఎలా కనిపిస్తున్నాడు? చెట్టులేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. చుట్టూ చిమ్మచీకటి, నడుమ ఈయనొక్కడు. పోటీకి ఎవరూ లేని వేళ చూసి దుకాణం తెరిచాడు. నిజానికి నాలుగు లక్షల మంది పున్నమి చంద్రులు ఏకమైతేగాని ఒక సూర్యుడికి సాటిరారు. అయినా కావ్యాలన్నీ వెన్నెలకే. ఎండ గురించి మనం “మాడిపోతున్నాం బాబోయ్” తప్ప మరో మాట అన్న పాపాన పోలేదు. సొమ్మొకడిది, సోకొకడిది.

రెండో అభ్యంతరం పంపిణీ గురించి. అష్టమినాడు సగం బింబం కనిపిస్తుంది కాబట్టి సగం వెన్నెల వస్తుందని త్రైరాశికం వేసుకున్నామో, మోసపోయామే. వచ్చేది పున్నమి వెలుగులో సుమారు పదోవంతు. చంద్రుడి నేలంతా దుమ్మూ గుంటలూ గుట్టలూ. పున్నమినాడు సూర్యుడు మన వీపు వైపు ఉంటాడు గనుక అక్కడి ప్రతి రేణువు నీడా దాని వెనకే పడి మన కంటికి ఆనదు. అష్టమినాడు ఎండ పక్క నుంచి పడేసరికి ప్రతి రేణువూ పక్కదాని మీద నీడ వేస్తుంది, లొసుగులన్నీ బయటపడతాయి. అంటే పున్నమి ప్రతాపమంతా నీడల్ని వెనక్కి నెట్టి ముందుకొచ్చి నిలబడడంలో ఉంది. తనిఖీ రోజున పెండింగు ఫైళ్లు ఏ బీరువా వెనక్కి చేరతాయో తెలిసిన నాకు ఈ విద్య కొత్త కాదు.

మూడో అభ్యంతరం హాజరు పట్టీ మీద. సంకటహర చతుర్థికి మా అత్తగారు ఉపవాసం ఉంటారు. చంద్రుణ్ణి చూస్తేగాని విస్తరి ముందు కూర్చోరు. పున్నమినాడు సూర్యుడు అటు దిగగానే ఇటు పొడిచే ఈ పెద్దమనిషి, మర్నాటి నుంచి రోజుకు సగటున 50 నిమిషాల చొప్పున వెనకబడుతూ చవితికి రాత్రి తొమ్మిది చేస్తాడు. మా తూర్పు వైపు లేచిన అపార్ట్‌మెంట్లు ఇంకో అరగంట కలుపుతాయి.

“ఏమిటి బాబూ ఇంత ఆలస్యం? నడవలేకపోతున్నాడా?” అన్నారు అత్తగారు నీరసంగా.

“నడకా! గంటకు 3,680 కిలోమీటర్ల చొప్పున పరిగెడుతున్నాడండీ.”

“పరిగెత్తేవాడికి ఆలస్యమెందుకు అవుతుంది?”

“పరిగెడుతున్నాడు కాబట్టే అవుతోంది.”

ఉపవాసం ఆవిడది, మతి చలించింది నాకు అన్నట్టు చూశారు. విషయం విప్పి చెప్పాను. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది. చంద్రుడూ అదే దిక్కుకు పరిగెడతాడు. మనం ఒక చుట్టు తిరిగి నిన్నటి చోటికి వచ్చేసరికి ఆయన అక్కడ ఉండడు. సుమారు 13 డిగ్రీలు ముందుకు వెళ్లిపోయి ఉంటాడు. ఆ 13 డిగ్రీలూ తిరగడానికి భూమికి పట్టే వ్యవధే ఈ 50 నిమిషాలు. ఆయన కదలకుండా ఒక్కచోట కూర్చుంటే రోజూ దాదాపు ఒకే వేళకు కనిపించేవాడు.

అంతా విని అత్తగారు, “అయితే పనీపాటా లేక కూర్చున్నవాళ్లే వేళకు భోజనానికి వస్తారన్నమాట” అన్నారు. మా ఆవిడ ఎందుకో నా వైపు చూసి నవ్వింది.

ఇక ప్రయాణ భత్యం. భూమి చుట్టూ ఒక చుట్టుకు ఆయనకు పట్టేది 27 రోజుల 7 గంటల 43 నిమిషాలు. మన పూర్వీకులు దీన్ని గట్టిగానే నమోదు చేశారు. దక్షుడి కూతుళ్లు 27 మందినీ ఇచ్చి పెళ్లిచేసి, రోజుకొక నక్షత్రం ఇంట్లో మకాం అని టూర్ ప్రోగ్రాం వేసిచ్చారు. ఆయన రోహిణి ఇంట్లోనే తిష్ఠవేసి, మామగారి శాపం తగిలి చిక్కిపోయాడని పురాణం. ప్రోగ్రాం ఉల్లంఘించినందుకు క్రమశిక్షణ చర్య తీసుకున్న మొదటి అధికారి దక్షుడే కావచ్చు.

చుట్టు పూర్తయితే పున్నమి రావాలి కదా, రాదు. ఆ 27 రోజుల్లో భూమి కూడా సూర్యుడి చుట్టూ కొంత ముందుకు జరిగి ఉంటుంది. మళ్లీ సూర్యుడికి సరిగ్గా ఎదుట నిలబడాలంటే చంద్రుడు ఇంకో రెండు రోజులకు పైగా పరిగెత్తాలి. అందుకే పున్నమికీ పున్నమికీ నడుమ ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అలాంటి నెలలు పన్నెండు కూడితే 354 రోజులే. ఏడాదికి పదకొండు రోజుల లోటు! ఏ ఆఫీసులోనైనా ఈపాటికి సస్పెన్షన్ ఉత్తర్వులు టైపవుతూ ఉండేవి. మన పంచాంగకర్తలు దయగల మనుషులు. లోటంతా మూటగట్టి, మూడేళ్లకు కాస్త ముందే ఒక అధిక మాసం పుట్టించి ఖాతా సరిచేసేస్తారు.

2023లో ఆ సర్దుబాటు శ్రావణానికి వచ్చింది. అధిక మాసంలో వ్రతం పనికిరాదు, నిజ శ్రావణం దాకా ఆగాలి అంటూ మా ఆవిడ పట్టుచీర బేరం నెల రోజులు వాయిదా వేసినప్పుడు, చంద్రుడి మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. మంచి పనులు వద్దని మనం ఆగిన ఆ నెలంతా, జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 మాత్రం ప్రయాణంలోనే ఉంది. ఆగస్టు 5న చంద్రుడి కక్ష్యలో చేరి, నిజ శ్రావణం వచ్చాక 23న కిందికి దిగింది. ఇస్రో వాళ్లు ముహూర్తం చూశారా అంటే చూశారు, దిగేచోట తెల్లవారే వేళ చూసుకున్నారు. అక్కడి పగలు మన లెక్కలో సుమారు 14 రోజులు, దిగిన విక్రమ్ ల్యాండర్ పనిచేయాలంటే ఎండ కావాలి. వెన్నెల ఇచ్చేవాడి గుమ్మంలో దిగినా ఎండ మీదే బతకాలి!

అసలాయన ఎవరి మనిషో కూడా తేలాలి. మన చుట్టూ తిరుగుతాడు కాబట్టి మనవాడే అనుకుంటున్నాం. చంద్రుణ్ణి భూమి లాగే బలం కంటే సూర్యుడు లాగే బలం రెట్టింపుకు పైనే. మన చుట్టూ తిరగడానికి సెకనుకు ఒక్క కిలోమీటరు వేగం చాలు ఆయనకు. మనతో కలిసి సూర్యుణ్ణి చుట్టడానికి మాత్రం సెకనుకు సుమారు 30 కిలోమీటర్లు పరిగెడతాడు. చుట్టరికం మనతో, కొలువు సూర్యుడి దగ్గర. మా శాఖలో ఇలాంటివాటిని డెప్యుటేషన్ కేసులంటారు.

వినాయక చవితినాడు ఈయన్ని చూస్తే నీలాపనిందలు తప్పవంటారు. శ్రీకృష్ణుడు ఆకాశంలో కూడా చూడలేదు, పాలలో నీడ చూశాడు. అంటే సూర్యుడి రూపాయి చంద్రుడి దగ్గర పన్నెండు పైసలై, పాల మీద పడి ఇంకా తరిగి ఆయన కంట పడింది. ఆ చిల్లరకే శమంతకమణి దొంగన్న పేరు మోయాల్సి వచ్చింది. ఆ మణి కూడా సత్రాజిత్తుకు సూర్యుడిచ్చిందే. వెలుగు సూర్యుడిది, మణి సూర్యుడిది, నింద కృష్ణుడికి. మధ్యవర్తి మాత్రం చవితి పూట రాత్రి తొమ్మిది ప్రాంతంలోనే చల్లగా అస్తమిస్తాడు.

నింద భయం లేని ఏ నెలలోనైనా శుద్ధ తదియనాడు పడమటికి చూడండి. నెలవంకతో పాటు మిగతా బింబం కూడా మసకమసకగా కనిపిస్తుంది. ఆ మసక వెలుగు మనదే! మనమీద పడే రూపాయి ఎండలో ముప్పై పైసల దాకా మేఘాలూ మంచూ తిరిగి పంపించేస్తాయి. అందులో కొంత చంద్రుడి చీకటి భాగం మీద పడి మళ్లీ మన కంటికి చేరుతుంది. 1510 ప్రాంతంలో లియొనార్డో డావిన్చి ఈ గుట్టు విప్పి తన పుస్తకంలో రాసుకున్నాడు. మనకు పున్నమి చంద్రుడిచ్చే వెలుగు కంటే అక్కడివాళ్లకు నిండు భూమి ఇచ్చే వెలుగు సుమారు నలభై రెట్లు. అక్కడ ఎవరూ లేరు కాబట్టి మన మీద కావ్యాలు రాలేదు గాని, లెక్క ప్రకారం బాకీ ఆయనదే. ఈ ముక్క రాయడానికి, మా ఆవిడకు తెలియకుండా దాచిన రెండో ఎర్రసిరా పెన్ను తీశాను.

పైగా బాకీదారు మెల్లగా ఊరు దాటుతున్నాడు. ఏడాదికి 3.8 సెంటీమీటర్లు. 1969లో అపోలో-11 యాత్రికులు అక్కడ ప్రత్యేకమైన అద్దాలు అమర్చి వచ్చారు. ఇక్కణ్ణించి లేజర్ కాంతి వేస్తే అవి వచ్చిన దారినే తిప్పి పంపుతాయి, రెండున్నర సెకన్లలో రసీదు చేతికి వస్తుంది. చంద్రుడి మీద వెలుగును నిజాయితీగా తిరిగిచ్చేవి మనుషులు పెట్టిన అద్దాలే. ఇంతా చేసి ఆయన పారిపోయే ఖర్చు కూడా మన ఖాతాలోదే. సముద్రపు ఆటుపోట్ల మిషతో భూమి తిరిగే శక్తిని కొద్దికొద్దిగా లాక్కుని దూరం జరుగుతున్నాడు. దానివల్ల మన రోజు నూరేళ్లకు సుమారు రెండు మిల్లీసెకన్లు సాగుతోంది.

రికవరీకి సిఫారసు చేస్తూ నివేదిక పూర్తిచేసి, ఇంట్లో చదివి వినిపించాను. అత్తగారు ఒక్కటే అడిగారు: “సొమ్ముగల సూర్యుడు ఏమైనా ఫిర్యాదు చేశాడా బాబూ?”

న్యాయమైన ప్రశ్న. యజమాని వాంగ్మూలం లేనిదే రికవరీ నిలవదు. అందుకని సూర్యుడి పద్దు తిరగేశాను. కళ్లు తిరిగాయి. ఆయన సెకనుకు 40 లక్షల టన్నులకు పైగా పదార్థాన్ని వెలుగుగా మార్చి నలుదిక్కులా వెదజల్లుతున్నాడు. అందులో భూమికి చేరేది 200 కోట్లలో ఒక వంతు కూడా లేదు. మిగతాదంతా దాదాపుగా శూన్యం పాలు. టెండరు లేదు, వోచరు లేదు, అడిగేవాడు లేడు. అంతటి దుబారా యజమాని కింద కొలువు చేస్తూ, దారిన పోయేదాన్ని పట్టి పన్నెండు పైసలైనా చీకటిపూట మన గుమ్మంలో వేస్తున్న చంద్రుడు పరమ పొదుపరి కింద లెక్క. ఆయన మీది అభ్యంతరాలన్నీ అక్కడికక్కడే ఎత్తేశాను.

సూర్యుడి మీద కొత్త ఫైలు తెరిచాను. ఈ తనిఖీ పగటిపూట, డాబా మీదే జరగాలి. క్యాలెండరు చూస్తే మే నెల. ఆడిట్‌లో తొందరపాటు పనికిరాదని మా పై అధికారులు ఎప్పుడూ చెప్పేవారు. సంక్రాంతికి మొదలుపెడతాను.