రిపోర్టు చూడందే

నాగాయలంక అవతల రొయ్యల చెరువులున్న రైతు ఆయన. కూతుర్ని గుడివాడ ఇచ్చారు. తొలికాన్పుకు పుట్టింటికి తీసుకొచ్చి, బందరులోని ఓ ఆసుపత్రిలో పురుడు పోయించారు. ఆడపిల్ల. మూడు కిలోల బరువు, చక్కటి కనుముక్కు తీరు. "మా అమ్మే మళ్లీ పుట్టింది" అంటూ రైతు వార్డంతా మిఠాయి పంచాడు.

మూడో రోజు ఇంటికి బయల్దేరుతుంటే పిల్లల డాక్టరమ్మ వచ్చింది.

"పాపకు రెండు పరీక్షలు చెయ్యాలి బాబాయిగారూ. ఒకటి చెవులకు. రెండోది మడమ దగ్గర నాలుగు చుక్కల రక్తం తీసి చేస్తాం."

చెవులకు సూది లేదు కాబట్టి ఆయన అడ్డు చెప్పలేదు. పాప నిద్రలో ఉండగానే చెవిలో చిన్న గొట్టం పెట్టి చూశారు. నిమిషాల్లో అయిపోయింది. వినికిడి బాగానే ఉంది. మడమ మాట ఎత్తేసరికి మాత్రం రైతు ముఖం మారిపోయింది.

"నిక్షేపంలా ఉన్న పసిగుడ్డుకు సూదేంటమ్మా? మా రెండు వైపులా ఎవరికీ ఏ రోగమూ లేదు."

"చేయిద్దాం నాన్నా, ఆయన కూడా ఫోన్లో అదే చెప్పారు" అంది కూతురు.

"అల్లుడికేం తెలుసు? అవతల రొయ్యపిల్లల సీడ్ బండి వచ్చే వేళైంది, పదండి."

పాప బహు నెమ్మది. ఏడుపు తక్కువ. పాలకు కూడా లేపాల్సిందే. మూడు వారాలైనా పచ్చకామెర్లు తగ్గకపోతే లేత ఎండలో పడుకోబెట్టారు. విరేచనం కాకపోతే తమలపాకు కాడకు ఆముదం రాసి పెట్టారు. "ఎంత బుద్ధిమంతురాలో!" అని చూడవచ్చిన అమ్మలక్కలు మురిసిపోయారు. అయిదో నెల నిండినా మెడ నిలవలేదు. అప్పుడు మళ్లీ బందరు వెళ్లారు.

రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోను చాలా తక్కువగా ఉందని తేలింది.

"పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయని పిల్లలు తొలి రోజుల్లో మామూలుగానే కనిపిస్తారు. తల్లి నుంచి వచ్చిన హార్మోను కొన్నాళ్లు కాపాడుతుంది. పైకి తెలిసేసరికి మెదడు దెబ్బతింటుంది" అని డాక్టరమ్మ వివరించింది. "అరుదేమీ కాదు. ఏ. రాధా రమాదేవి గారి బృందం హైదరాబాద్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది పసివాళ్లను పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 1,700 మందిలో ఒకరికి ఇది ఉంది. ఆ మడమ పరీక్షతో మొదటి రెండు వారాల్లో పట్టుకుంటే రోజుకో చిన్న మాత్రతో బిడ్డ అందరిలా ఎదిగేది. మందు ఇవాళే మొదలుపెడదాం, కొంత పుంజుకుంటుంది. పోయిన అయిదు నెలలు మాత్రం నేను తెచ్చివ్వలేను."

రైతు కుప్పకూలిపోయాడు.

"పైకి ఏ గుర్తూ లేదే డాక్టరమ్మా! ఏమీ కనపడకుండా లోపల రోగం ఉంటుందని ఎవరనుకుంటారు?"

కూతురు తలెత్తింది.

"నువ్వనుకుంటావు నాన్నా. ఆ రోజు మమ్మల్ని ఇంటి దగ్గర దింపి చెరువుకు పరిగెత్తావు. సీడ్ బండిని గట్టు మీదే ఆపేశావు. పీసీఆర్ రిపోర్టు చూడందే ఒక్క రొయ్యపిల్లను కూడా నీళ్లలో వదలనన్నావు. తెల్లమచ్చ రోగం పైకి కనపడేదాకా ఆగితే చెరువంతా పోతుందన్నావు."

కాన్పయిన ప్రతి ఇంటికీ ఒక విన్నపం. బిడ్డకు 48 గంటలు నిండాక మడమ రక్తపరీక్ష చేయమని అడగండి. నెలలోపే వినికిడి పరీక్ష కూడా చేయించండి. ఫలితం చేతికొచ్చేదాకా వెంటపడండి. పుట్టుకతో వచ్చే లోపాలను ముందే గుర్తించడానికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే దారి చెబుతుంది. బిడ్డ చక్కగా కనిపిస్తోందని పరీక్ష మానుకోవద్దు.