చందమామకు పూర్తిగా చెప్పుకోనివ్వండి

మొన్న వినుకొండలో బంధువులింట పెళ్లి. కొత్త జంట వేదిక ఎక్కే వేళకి 'మిస్సమ్మ'లో చందమామ పాట వేశారు. ప్రాణం లేచొచ్చింది. పల్లవి అయిందో లేదో దాని మీద డప్పుల మోత కలిపి, చరణం రాకముందే ఇంకో పాటలోకి దూకేశారు. "అదేంట్రా, అసలు పాట ఇప్పుడేగా మొదలయ్యేది?" అన్నాను. "జనానికి తెలిసింది అంతవరకేగా తాతా!" అన్నాడు పాటలేసే కుర్రాడు.

విననిస్తే గదా తెలిసేది!

మా రోజుల్లో ఆ పాట నాకు వచ్చింది మిరపకల్లంలో. పొద్దుగూకేసరికి మంచు పడకుండా కాయను కుప్పచేసి పట్టా కప్పి, రాత్రంతా కాపలా పడుకునేవాళ్లం. తలదగ్గర తోలు తొడుగేసిన ట్రాన్సిస్టరు. బ్యాటరీలు నీరసిస్తే పగలు ఎండలో పెట్టి మళ్లీ వేసేవాళ్లం. పైన వెన్నెల, ముక్కులో కారం ఘాటు, విజయవాడ స్టేషన్లో ఎ.ఎం.రాజా, పి.లీల గొంతులు. మర్నాడు తాలుకాయ ఏరే ఆడవాళ్లు చరణాలతో సహా పాడేవాళ్లు. పాటలో మొగుడి మీద ఫిర్యాదు వచ్చే చోట గొంతు కాస్త పెంచేవాళ్లు కూడా.

ఇప్పటివాళ్లు దాన్ని ఉత్త ప్రేమపాట అనుకుంటున్నారు. 1955 నాటి ఆ సినిమాలో రామారావు, సావిత్రి మొగుడూ పెళ్లాలు కారు. ఉద్యోగం కోసం అట్లా నటించే ఇద్దరు బి.ఏ.లు. ఆయనది ఒక మతం, ఆమెది ఒక మతం. ఒకరి మీద ఒకరు చంద్రుడికి చాడీలు చెప్పుకుంటారు. ఆ తగవులోనే ఇష్టం బయటపడుతుంది. పింగళి నాగేంద్రరావు దాచిందంతా చరణాల్లోనే ఉంది. సాలూరి రాజేశ్వరరావు ఆ పోట్లాటకి కట్టిన బాణీ జోకొట్టినట్టుంటుంది. చరణం కోసేస్తే మిగిలేదేముంది?

డల్లాస్‌లో ఉండే మా మనవడు 'బ్లూ మూన్' అనే ఇంగ్లీషు చందమామ పాట వినిపించాడొకసారి. రోడ్జర్స్, హార్ట్ అనే ఇద్దరు 1934లో కట్టిందట, ఎల్విస్ ప్రెస్లీ కూడా పాడాడు. మాట పూర్తిగా అందకపోయినా దిగులు అందింది. వాళ్లకీ మనసులో మాట చెప్పుకోడానికి చంద్రుడే దొరికాడు.

ఆ వినుకొండ పెళ్లిలో భోజనాలయ్యాక కొత్త జంటని అరుగు మీద కూర్చోబెట్టి, ఫోన్లోనే 'మిస్సమ్మ' పాట మొదటినుంచి చివరిదాకా వినిపించాను. పెళ్లికూతురు మొగుడి వైపు ఓరగా చూసి, ఆడగొంతు చరణం మళ్లీ వెయ్యమంది.